మరి పిల్లలెటు?

“నువ్వూ రా అక్కా, మేమే పోతే బాగోదు” అని పిలిస్తే వెళ్లాను. పాల్వంచలో చిన్న టైలరింగ్ షాపు పెట్టుకున్న ఆమెకు ముప్పై రెండేళ్లు. భర్త పోయి నాలుగేళ్లయింది. కొడుకు రెండో తరగతి. ఎనిమిది నెలలుగా ఫోన్‌లో మాట్లాడుతున్న మనిషిని ఆ పిల్లాడికి మొదటిసారి చూపించబోతోంది. ఒక రకంగా అదీ పెళ్లిచూపులే. చూసి ఒప్పుకోవాల్సినవాడికి ఏడేళ్లు.

కిన్నెరసాని దగ్గర ఆటో దిగేసరికి ఆయన అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. సారపాకలో ఎలక్ట్రీషియన్ పని. ముప్పై ఐదేళ్లొచ్చినా పెళ్లి కాలేదు. ఇస్త్రీ చొక్కా, చేతిలో బిస్కెట్ ప్యాకెట్. పిల్లాడు ఆ ప్యాకెట్ వంక చూడలేదు. “తీసుకో నాన్నా” అని తల్లి అంటే తీసుకుని, విప్పకుండా ఆమె సంచిలో వేశాడు. జింకల పార్కు కంచె పట్టుకుని జింకల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆయన కూడా పక్కన నిలబడి లెక్కపెట్టాడు. పిల్లాడికి పంతొమ్మిది వచ్చాయి, ఆయనకు ఇరవై ఒకటి. “నువ్వు కదిలినవాటిని మళ్లా లెక్కపెట్టినవ్” అన్నాడు పిల్లాడు. ఆయనతో వాడు అన్న మొదటి మాట అదే.

మధ్యాహ్నం రిజర్వాయర్ వైపు మెట్లు దిగుతుంటే వాడి హవాయి చెప్పు ఊడిపోయింది. తల్లి గాజులకు పెట్టుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. చెప్పు మాత్రం వాడి చేతిలోంచి తీసుకోలేదు. “నువ్వు గట్టిగా పట్టుకో, నేను గుచ్చుతా” అన్నాడు. వాడు రెండు చేతులతో పట్టుకున్నాడు. పిన్నీసు రెండుసార్లు జారింది, మూడోసారి కుదురుకుంది.

“ఇంటికి పోయేదాకా ఉంటదా?”

“ఉంటది. మెల్లగా నడువు.”

చెప్పు లాక్కుని తనే బాగుచేసి ఇచ్చినా ఎవరూ తప్పుపట్టరు. వాడి వస్తువును వాడి చేతిలోనే ఉంచాలని ఆయనకు తోచింది చూశారూ, నాకు ఆయన మీద నమ్మకం కలిగింది అక్కడే. వాళ్ల సంగతి మళ్లీ చెబుతాను.

పిల్లలున్న మనిషిని ఇష్టపడటం, కలుస్తూ ఉండటం, ఆ ఇంట్లో తనకు చోటుందో లేదో మెల్లగా చూసుకోవడం. దీన్ని నగరాల్లో డేటింగ్ అంటున్నారు. మన ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు ఆ మాట ఎవరూ అనరు. “మాట్లాడుకుంటున్నారు” అంటారు. ఇంకాస్త ముదిరితే “కలిసి ఉంటున్నారు” అంటారు. ఊరు ఆ ఇద్దరి గురించే మాట్లాడుతుంది. పిల్లల ఊసు చివర్లో వస్తుంది, అదీ గొంతు తగ్గించి.

పెళ్లిసంబంధాల ప్రకటనలు చూడండి. ‘రెండో సంబంధం’ అన్న శీర్షిక కింద ఎన్నేళ్లుగానో ఒకే మాట: ‘పిల్లలు లేరు’, ‘బాదరబందీ లేదు’, ‘ఇష్యూలెస్’. బిడ్డ అన్న మాటకు కోర్టు కాగితాల్లోంచి ఒక ఇంగ్లిష్ పదం తెచ్చుకుని, అది లేకపోవడమే అర్హతగా రాసుకున్నాం. ఉంటే, ‘పాప తల్లి వద్ద ఉన్నది’ అని ఒక భరోసా. పాప నీకు అడ్డురాదులే అని దాని అర్థం. ఖమ్మంలో సంబంధాలు చూసే ఒక పెద్దాయనను అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు. “మగాడికి పిల్లలుంటే ఫర్వాలేదమ్మా, చూసుకునే ఆడమనిషి కావాలంటారు. ఆడామెకు పిల్లలుంటే మాత్రం, వాళ్లను అమ్మమ్మ దగ్గర ఉంచుతారా అని ముందే అడుగుతారు.”

అమ్మమ్మ లేకపోతే హాస్టలు. ఈ అడవి అంచు మండలాల్లో ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు ఎందరో పిల్లలకు అన్నం పెట్టి చదువు చెప్పాయి, అది చిన్న సంగతి కాదు. కానీ తల్లికి కొత్త సంబంధం కుదిరిన వారానికే “హాస్టల్లో వేద్దాంలే, బాగా చదువుకుంటాడు” అనే మాట వచ్చిందంటే, అది చదువు కోసం వచ్చింది కాదని ఆ పిల్లాడికి మనకంటే ముందే తెలుస్తుంది.

అడవిలో అడిగే ప్రశ్న

దుమ్ముగూడెం వైపు ఒక కోయగూడెంలో ఇప్పపువ్వు ఆరబోసిన వాకిట్లో కూర్చుని ఒక పెద్దమనిషితో మాట్లాడాను. ఎన్నో పంచాయితీలు చూసిన మనిషి. మారుమనువు గురించి అడిగితే, ఇందులో అడిగేదేముందన్నట్టు చూశాడు. భర్త పోయినామె మళ్లీ మనువాడటం కోయల్లో కొత్తా కాదు, తప్పూ కాదు. మొగుడితో పొసగక విడిపోయినామె ఇంకొకరిని చేసుకోవడమూ ఉన్నదే. చనిపోయినవాడి తమ్ముడు వదినను చేసుకోవడం కూడా వాళ్ల వాడుకలో ఉంది. కులపెద్దలు కూర్చుంటారు. పెళ్లికి ఇచ్చిన ఓలి (కన్యాశుల్కం) సంగతి, తప్పు (జరిమానా) కట్టాల్సింది ఎవరన్న సంగతి తేలుస్తారు.

“అవన్నీ అయినాక అడుగుతం, మరి పిల్లలెటు అని.”

“ఎవర్ని అడుగుతారు?”

“అందర్నీ. తల్లిని అడుగుతం. తండ్రి వైపోళ్లను అడుగుతం. కొత్తగా చేసుకునేటోణ్ణి అడుగుతం. వాడు మాట్లాడకుంటే లేవనియ్యం.”

ఆ చివరి మాట దగ్గర నేను రాయడం ఆపి ఆయన ముఖంలోకి చూశాను. నలుగురిలో కూర్చోబెట్టి, ఈమె బిడ్డలకు నీ ఇంట్లో అన్నం ఉందా లేదా అని నోటితో చెప్పించడం. మన కల్యాణమండపాల్లో ఇన్ని మంత్రాలు, ఇన్ని సంతకాలు ఉన్నాయి. ఆ ఒక్క ప్రశ్నకు చోటు లేదు.

అడవిలో అంతా బాగుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. కోయల్లో వంశం తండ్రి వైపు నుంచే. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని వాళ్లు చెప్పుకునే గట్టు తండ్రి నుంచే వస్తుంది. ఇలవేల్పూ ఆ గట్టుదే. ఏ గట్టువాళ్లకు ఏ గట్టు పిల్లను ఇవ్వాలన్నదీ దాని మీదే ఆధారపడుతుంది. బతికున్న భర్తను వదిలి వెళ్లిన తల్లి, ఎదిగిన మగపిల్లల్ని తండ్రి వైపు వదిలేయాల్సి వచ్చిన సంగతులు ఆ పెద్దమనిషే చెప్పాడు. “ఆమె ఏడ్చింది. మేమూ ఏడ్చినం. కానీ గట్టు ఏడికి పోతది?” అన్నాడు. చంటిపిల్ల అయితే తల్లితోనే పోతుంది. కొత్త తండ్రి ఇంట్లో వేరే గట్టు బిడ్డగానే పెరుగుతుంది. పెళ్లీడుకొచ్చాక ఆమె గట్టేదని మళ్లీ అడుగుతారు. అదొక ముల్లు. కానీ ఆ ముల్లు ఉందని అందరికీ తెలుసు, ఎవరూ దాచరు.

పెంచిన ప్రేమను ఈ అడవి పూజించింది కూడా. రెండేళ్లకోసారి మేడారంలో లక్షల మంది మొక్కే సమ్మక్క, కథ ప్రకారం అడవిలో కోయదొరలకు దొరికిన పిల్ల. కన్నదెవరో కథ చెప్పదు.

పెళ్లికి ఒప్పుకున్న చట్టం పిల్లల్ని ఏం చేసింది

మైదానంలో కథ వేరే దారిలో నడిచింది. గోదావరి మన దగ్గర నుంచి దిగువకు పోయి చేరే రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబర్ 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలేసినంత పని చేసింది. ఆ తెగువకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. అయితే ఆనాటి ఉద్యమం కళ్లముందున్నది ఎక్కువగా బాలవితంతువు, కాపురం ముఖమే చూడని పిల్ల. ఒడిలో బిడ్డ ఉన్న వితంతువు ఆ చిత్రంలో ఓ మూలకు ఉండిపోయింది.

ఆయన ఆధారం చేసుకున్న చట్టం 1856 నాటిది, హిందూ వితంతు పునర్వివాహ చట్టం. అందులో రెండు నిబంధనల గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. మళ్లీ పెళ్లి చేసుకున్న వితంతువుకు చనిపోయిన భర్త ఆస్తిలో ఉన్న హక్కు పోతుందన్నది రెండో సెక్షన్. మూడో సెక్షన్ ఇంకా కఠినం. భర్త వీలునామాలో ఆమెను గానీ మరొకరిని గానీ సంరక్షకులుగా రాసి ఉండకపోతే, అతని తల్లిదండ్రులో మగబంధువులో కోర్టుకు వెళ్లి, ఆ పిల్లలకు వేరే సంరక్షకుడిని నియమించమని కోరవచ్చు. అంటే మళ్లీ తాళి కట్టించుకుంటే చేతిలో బిడ్డ ఉంటుందో లేదో చెప్పలేని స్థితి. బిడ్డలున్న ఏ తల్లి సాహసిస్తుంది? ఆ చట్టం పుస్తకాల్లోంచి పోయింది 1983లో.

ఇప్పుడు చనిపోయిన భర్త ఆస్తిలో హిందూ వితంతువుకు దక్కిన వాటా, మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన వెనక్కి పోదు. తండ్రి ఆస్తిలో పిల్లల వాటా ఎక్కడికీ పోదు. అత్తవారింట్లో “పెళ్లి చేసుకుంటే నీకూ లేదు, నీ కొడుక్కీ లేదు” అని బెదిరిస్తే, ఆ బెదిరింపు వయసు సుమారు నూట డెబ్బై ఏళ్లని తెలుసుకోండి.

ఇంటిపేరు పంచాయితీ మాత్రం ఈ మధ్యదాకా సాగింది. తెలుగువాళ్ల ఇంట్లోనే పుట్టి సుప్రీంకోర్టుదాకా వెళ్లిన కేసు అది. బిడ్డ పుట్టిన రెండున్నర నెలలకే భర్త పోయాడు. మరుసటి ఏడు ఆమె వైమానిక దళ అధికారిని పెళ్లాడింది. నాయనమ్మ, తాతయ్య మనవడి కోసం కోర్టుకెక్కారు. కొడుకును పోగొట్టుకున్న ఆ ముసలివాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కొడుకు గుర్తుగా మిగిలింది ఆ ఇంటిపేరు ఒక్కటే. హైకోర్టు, బిడ్డకు కన్నతండ్రి ఇంటిపేరే మళ్లీ పెట్టాలంది. రికార్డుల్లో వీలైన చోట కన్నతండ్రి పేరు చూపాలని, కుదరకపోతే తల్లి రెండో భర్త పేరు పక్కన ‘సవతి తండ్రి’ అని రాయాలని చెప్పింది. 2022 జులై 28న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తండ్రి పోయాక బిడ్డకు సహజ సంరక్షకురాలు తల్లే. ఇంటిపేరు ఏది పెట్టాలో, బిడ్డను రెండో భర్తకు దత్తత ఇవ్వాలో వద్దో ఆమే నిర్ణయించుకోవచ్చు. ‘సవతి తండ్రి’ అని కాగితాల్లో రాయించడం దాదాపు క్రూరత్వమని, అది పిల్లవాడి మనసును, ఆత్మగౌరవాన్ని ఏం చేస్తుందో ఆలోచించని ఆదేశమని కోర్టు తప్పుపట్టింది.

ఆ తీర్పు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలి. నేనూ అమ్మ వెంట వచ్చిన పిల్లనే.

కార్డు మీద రాయించిన మాట

నాకు నాలుగేళ్లప్పుడు నాన్న పోయాడు. ఆరో ఏట అమ్మ ఇల్లెందులో ఒక వడ్రంగిని చేసుకుంది. ఆయన్ను నేను బాబాయి అనే పిలిచాను, ఆఖరిదాకా. అలా పిలవమని ఎవరు చెప్పారో గుర్తులేదు. నాన్న అనమని మాత్రం ఎవరూ అడగలేదు.

రేషన్ కార్డులో నా పేరు ఎక్కించడానికి బాబాయి ఒక ఆఫీసుకు వెళ్లాడు. నన్నూ తీసుకెళ్లాడు. కార్డులో ‘సంబంధం’ అని ఒక గడి ఉంటుంది. కూతురు అని రాయమన్నాడు. బల్ల వెనకాలాయన తలెత్తి “నీకు పుట్టిందా?” అని అడిగాడు. నా ముందే. బాబాయి లేదన్నాడు. “అట్లయితే భార్య మొదటి భర్త కూతురు అని రాస్తా.” బాబాయి వద్దన్నాడు. గొడవపడలేదు, గొంతు పెంచలేదు. బయట బెంచీ మీద నన్ను కూర్చోబెట్టుకుని, భోజనాల వేళ దాటాక మళ్లీ లోపలికి వెళ్లాడు. పంపేశారు. నాలుగింటికి మళ్లీ వెళ్లాడు. “చక్కెర నేనే తెస్తా, కిరసనాయిలు నేనే తెస్తా, ఆ దీపం కింద చదువుకునేది ఈ పిల్ల. కూతురు కాకపోతే ఏంది?” అనడం నేను గుమ్మం దగ్గర నుంచి విన్నాను. సాయంత్రం కార్డు నా చేతిలో పెట్టి, అక్షరాలు కూడబలుక్కుని చదవమన్నాడు. కు-మా-ర్తె.

బడిలో మాత్రం నా ఇంటిపేరు మార్చలేదు. అమ్మ ఒకసారి అడిగితే, “అది వాళ్ల నాన్నది, ఉండనీ” అన్నాడు. అందుకే ఇప్పటికీ నా పేరు ముందు ఇల్లెందులో ఎవరికీ తెలియని ఒక ఇంటిపేరు ఉంది. దాని వల్ల బాబాయి నాకు తక్కువ కాలేదు, నాన్న దూరం కాలేదు. సుప్రీంకోర్టులో గెలిచిన ఆ తల్లి బిడ్డ ఇంటిపేరు మార్చింది, మా బాబాయి మార్చలేదు. రెండూ సరైనవేనని నేను అనుకుంటాను. రెండు చోట్లా ఆ నిర్ణయం బిడ్డను పెంచుతున్నవాళ్లు, బిడ్డ ముఖం చూసి తీసుకున్నది.

సవతి అన్న మాట

పెంచిన తండ్రుల కంటే పెంచిన తల్లుల పని ఇంకా కష్టం. మన భాష వాళ్లకు మొదటి నుంచే ఎదురు నిలబడి ఉంది. పత్రికలో పనిచేస్తూ నేను ఎన్నోసార్లు ‘సవతి తల్లి ప్రేమ’ అని శీర్షిక పెట్టాను. జిల్లాకు నిధులు రాకపోతే సవతి తల్లి ప్రేమ. రోడ్డు వేయకపోతే సవతి తల్లి ప్రేమ. భద్రాచలం 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పట్టణం ఇటు ఉండిపోయి చుట్టుపక్కల పల్లెలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. అప్పుడు రాసిన వార్తల్లోనూ అదే మాట వాడాను. ఇల్లు మారిన ఊళ్ల బాధ చెప్పడానికి, ఇల్లు మారిన పిల్లల్ని పెంచే ఆడవాళ్లను తిట్టానని అప్పుడు తట్టలేదు. ఇక ఆ మాట అలా వాడను.

ఖమ్మంలో ఒక టీచరమ్మ ఉన్నారు. పెళ్లి వద్దనుకుని ముప్పై ఎనిమిదేళ్లు గడిపిన మనిషి. భార్య పోయిన ఒకాయనను ఇష్టపడి, ఏడాదిన్నర ఆలోచించి చేసుకున్నారు. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు, అప్పటికి పదకొండేళ్లు, ఎనిమిదేళ్లు. చిన్నది నెలలోనే ‘పిన్నీ’ అంటూ కొంగు పట్టుకుంది. పెద్దది ‘టీచర్’ అంది. ఇంట్లో కూడా టీచరే. “టీచర్, పప్పులో ఉప్పు తక్కువైంది.” “టీచర్, నాన్న ఎప్పుడొస్తారు?” చుట్టాలు నవ్వారు. అమ్మా అని పిలవమని కొందరు ఆ పిల్లను గద్దించారు. టీచరమ్మ అడ్డుపడ్డారు.

“వాళ్లమ్మను ఆ పిల్ల అమ్మా అని పిలిచిందండీ అన్నేళ్లు. ఆ పిలుపు వాళ్లమ్మ తీసుకెళ్లిపోయింది. నాకు కావాలంటే నేను వేరేది సంపాదించుకోవాలి” అన్నారామె నాతో.

పెళ్లయిన రెండో ఏట ఒక తెల్లవారుజామున పెద్దపిల్ల వంటింటి గుమ్మంలో నిలబడి, నాన్న వినకుండా, “టీచర్, ఒకసారి ఇటు రండి” అని పిలిచింది. పెద్దమనిషైంది. ఆ కబురు అందుకుని చనిపోయిన భార్య తల్లి ఊరి నుంచి వచ్చింది. చిమ్మిలి దంచి తెచ్చింది. మనవరాలికి పెట్టాక ఒక ముద్ద టీచరమ్మ చేతిలోనూ పెట్టి, “నా బిడ్డ స్థానంలో వచ్చినవ్, నా ఇంటికి కూతురిలాగా రా” అంది. ఆ చిమ్మిలి సంగతి చెబుతూ టీచరమ్మ కళ్లు తుడుచుకున్నారు. పెద్దపిల్ల ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతోంది. ఫోన్ చేస్తే ఇప్పటికీ టీచర్ అనే పిలుస్తుంది. టీచరమ్మ ఫోన్‌లో ఆ పిల్ల నంబరు ‘పెద్దమ్మాయి’ అని ఉంది.

భద్రాచలంలో ప్రతి శ్రీరామనవమికీ మిథిలా స్టేడియంలో కల్యాణం జరుగుతుంది. ముత్యాల తలంబ్రాల కోసం చేతులు చాచే ఆ జనంలో నేనూ చాలా ఏళ్లు నిలబడ్డాను. ఈ కథనం కోసం తిరుగుతున్నప్పుడే ఆలోచన వచ్చింది. ఆ పెళ్లికూతురు నాగేటి చాలులో దొరికిన బిడ్డ. ధారపోసినవాడు పెంచిన తండ్రి. జానకి అని ఆయన పేరుతోనే పిలుచుకుంటున్నాం. పెంపకానికి అంత పెద్ద పీట వేసిన ఊళ్లోనే, ‘వెంట తెచ్చుకున్న పిల్ల’ అన్న మాట ఇంకా ఎలా నోటికి వస్తోంది?

పింఛను, పట్టా, ఒక సంతకం

ప్రేమ సంగతి అలా ఉంచి డబ్బు సంగతి మాట్లాడాలి. తెలంగాణలో వితంతువులకు, 2017 నుంచి ఒంటరి మహిళలకు ప్రభుత్వ పింఛను వస్తోంది. 2019లో అది నెలకు 2016 రూపాయలైంది. పెళ్లి చేసుకుంటే ఆగిపోతుంది. మిరప కోతకు పోయి రోజుకూలీ తెచ్చుకునే ఇంట్లో ఆ రెండు వేలు బియ్యమూ, పిల్లాడి ఫీజూ. అందుకే చాలామంది మనువు బయటపెట్టరు. దాచిన మనువులో ఆ మగాడికి బిడ్డ పట్ల ఏ బాధ్యతా రాదు. రేపు వెళ్లిపోతే అడిగే దిక్కుండదు.

ఏజెన్సీలో ఇంకో చిక్కు ఉంది. 1970లో వచ్చిన 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనలేరు. అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే పోడు పట్టా దంపతులిద్దరి పేరిటా ఉండాలి. దాన్ని వారసులకు ఇవ్వొచ్చు గానీ అమ్మకూడదు. ఈ రెండూ గిరిజనుల రక్షణకు పెట్టినవి. కానీ భూమి ఉన్న కోయ ఆడమనిషిని, ముఖ్యంగా మొగుడు లేని మనిషిని, ఆ భూమి కోసమే దగ్గరకు తీసే బయటివాళ్లు ఉన్నారు. ఈ సంగతి ఏజెన్సీలో అందరికీ తెలుసు. పట్టా ఆమె పేర, సాగు ఆయన చేతిలో. ఆమె మొదటి పిల్లలు ఆ చేలోనే కూలీలు. ఇలాంటి కాపురం మీద నాకు దయ లేదు. ఆమె ఇష్టాన్ని నేను తప్పుపట్టను. అతన్ని ఒక్కటే అడగాలి, కోయ పెద్దమనిషి అడిగే ప్రశ్నే. వాడు మాట్లాడకుంటే లేవనియ్యకూడదు.

చట్టం గురించి కొన్ని సంగతులు తెలిసి ఉండటం మంచిది. పెంచినంత మాత్రాన బిడ్డ వారసుడు కాడు. హిందూ వారసత్వ చట్టంలో మారుతండ్రి వీలునామా రాయకుండా పోతే, భార్య మొదటి భర్త పిల్లలకు అతని సొంత ఆస్తిలో వాటా రాదు. మారుతల్లి ఆస్తి విషయంలో 1987లో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, భర్త మొదటి భార్య కొడుకు ఆమె ‘కొడుకు’ కిందకు రాడు. సొంత పిల్లలు, భర్త లేనప్పుడే, భర్త వారసుడిగా అతని వంతు వస్తుంది. పెళ్లి, వారసత్వం, దత్తత, సంరక్షణ మీద ఉన్న ఈ హిందూ చట్టాలు కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు వర్తించవు. కోయలకు, కొండరెడ్లకు వాళ్ల ఆచారమే ఆధారం.

కాబట్టి పెంచేవాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి, వీలునామా. పెద్ద ఖర్చు లేదు, ఇద్దరు సాక్షులు చాలు. రెండోది, దత్తత. బాలల న్యాయ చట్టం కింద మారుతల్లిగానీ మారుతండ్రిగానీ బిడ్డను దత్తత తీసుకోవచ్చు. జిల్లా బాలల పరిరక్షణ విభాగం దగ్గర మొదలుపెట్టాలి. కన్న తల్లి లేదా తండ్రి వేరుగా ఉంటే వారి సమ్మతి కావాలి. 2022 సెప్టెంబర్ నుంచి తుది ఆదేశం ఇచ్చేది జిల్లా కలెక్టర్. కోర్టుల చుట్టూ తిరగనక్కర్లేదు. కానీ దత్తత అయ్యాక కాగితాల్లో కన్నతండ్రి వైపు బంధం మారిపోతుంది. బిడ్డకు ఊహ తెలిసిన వయసుంటే, వాడితో కూర్చుని, ఒక్కసారి కాదు నాలుగుసార్లు మాట్లాడాకే ఆ పనికి పోవాలని నా మాట. మా బాబాయి నాకు ఇంటిపేరు ఇవ్వకుండానే నన్ను పెంచాడు. ఇంకో బిడ్డకు ఆ ఇంటిపేరే కొండంత అండ కావచ్చు. అది ఆ బిడ్డ నోటే వినాలి.

విడాకులైన ఇళ్లలో ఇంకో మనిషి ఉంటారు, బతికున్న కన్నతండ్రో కన్నతల్లో. నెలకోసారి ఫోన్ వస్తుంది, సెలవులకు పిల్లాడు వెళ్లొస్తాడు. కొత్తగా వచ్చినవాళ్లకు అది మింగుడుపడదు. “నేను ఇంత చేస్తే వాడు ఆయన సెల్ కొనిచ్చినందుకే మురుస్తాడు” అని సత్తుపల్లిలో ఒకతను నా దగ్గర వాపోయాడు. అతనిది న్యాయమైన బాధే. అయినా ఆ పిల్లాడి ముందు ఆ మాట అనలేదని చెప్పాడు. ఆరేళ్లుగా అనలేదు.

ఏ గోడకు ఉంది?

మళ్లీ పాల్వంచకు వస్తాను. కిన్నెరసాని తర్వాత వాళ్లు మరో నాలుగు ఆదివారాలు కలిశారు. ఒకసారి భద్రాచలం గోదావరి కరకట్ట మీద, ఒకసారి పర్ణశాలలో. ఒకసారి ఆయన షాపుకే వచ్చి, కుట్టుమిషన్ మోటారు తీగ కాలిపోతే మార్చి వెళ్లాడు. టెస్టర్ పిల్లాడి చేతికిచ్చి, ఎర్ర లైటు వెలుగుతుందో లేదో వాణ్నే చూడమన్నాడట. పెళ్లి ఎప్పుడని నేను అడగలేదు. ఆమె అత్తగారికి ఇంకా చెప్పలేదు. చెప్పాలంటే భయంగా ఉందంది. మనవణ్ని చూడనివ్వరేమోనని ఆ పెద్దామె భయపడుతుందని కూడా తనకు తెలుసంది. ఆ భయం తీర్చాకే ముందుకు పోతానంది.

పోయిన వారం షాపులో కూర్చున్నప్పుడు, పిల్లాడు నిద్రపోయే ముందు ఒక ప్రశ్న అడిగాడని చెప్పింది. “మనం సారపాక పోతే నాన్న ఫోటో ఏడ పెడతం?” ఆమె దగ్గర జవాబు లేదు. పడుకో అంది. తెల్లారి ఆయనకు ఫోన్ చేసి, ఎలా చెప్పాలో తెలియక, పిల్లాడు అడిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పింది. అటు నుంచి కాసేపు మాట రాలేదు. ఫోన్ కట్ అయిందేమోనని ఆమె రెండుసార్లు హలో అంది.

“ఇప్పుడు ఏ గోడకు ఉంది?” అని అడిగాడు.

“తూర్పు గోడకు.”

“మా తూర్పు గోడ కాంక్రీటు. మేకు దిగదు. డ్రిల్లు మిషన్ మా మేస్త్రీ దగ్గర ఉంది, శనివారం తెస్తా” అన్నాడట. ఎంత ఎత్తులో కావాలో పిల్లాణ్ని అడిగి చెప్పమన్నాడు.